ఓడ సరుకు, పడుచు గుండె

అండమాన్ రాజధానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టారు. బజారు మాత్రం స్కాట్లాండ్ ఊరి పేరునే ఇంకా మోస్తోంది: అబర్డీన్. మొదటి ప్రపంచ యుద్ధ స్మారకంగా కట్టిన గడియార స్తంభం ఆ బజారుకు నడిబొడ్డు. దాని చుట్టూ బట్టల కొట్లు, కిరాణా కొట్లు, మందుల షాపులు, పాన్ బడ్డీలు, టిఫిన్ హోటళ్లు. అక్కడి నుంచి సముద్రం వైపు మెరక ఎక్కితే నడక దూరంలోనే సెల్యులర్ జైలు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. 1963లో ఆ జైలు ఆవరణలోనే గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వెలిసింది. దీవుల్లో ఎవరికి గుండె పట్టేసినా మోసుకొచ్చేది ఆ మెరక మీదికే. పైన ఖైదీల చేత నూనె తీయించిన గానుగ, దాని పక్కన ఈసీజీ తీసే ఆసుపత్రి, దిగువన సరుకులమ్మే బజారు. ఈ మూడూ ఒకేచోట పోగుపడటం యాదృచ్ఛికమే అయినా, పడుచువాళ్ల గుండె జబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆలోచించడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

పాతికేళ్లకూ ముప్పై అయిదేళ్లకూ గుండెపోటు వచ్చిందన్న వార్త చూడగానే మన నోట వచ్చే మాట ఒకటే: ‘ఈ కాలం పిల్లల అలవాట్లు అలా తగలడ్డాయి’. కారకాల పట్టిక కూడా అందరికీ కంఠతా వచ్చేసింది. పొగాకు, బీపీ, షుగరు, కొలెస్టరాల్, బొజ్జ, కదలకుండా కూర్చోవడం, మద్యం, ఒత్తిడి. పట్టికలో తప్పులేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో మొదలైన పరిశీలన వల్ల 1960ల నుంచి ‘రిస్క్ ఫ్యాక్టర్’ అనే మాటే వైద్యంలో స్థిరపడింది. చిక్కంతా ఆ పట్టికను మనం చదివే తీరులో ఉంది. అందులోని ప్రతి అంశాన్నీ ఒక్కో మనిషి చేసిన ఒక్కో తప్పుగా చదువుతున్నాం. అబర్డీన్ బజారు చరిత్ర తిరగేస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఈ కారకాల్లో చాలావాటిని మనిషి ఎంచుకోలేదు. అవి సరుకుగా ఓడ దిగి, రేషనుగా తూకానికి వచ్చి, రుచిగా నాలుక మీద స్థిరపడ్డాయి. పడుచువాళ్ల గుండె జబ్బు అన్నిటికన్నా ముందు సరఫరా చరిత్ర, శీలం సంగతి ఆ తర్వాతే. ఈ వ్యాసం నిలబెట్టదలచుకున్న మాట ఇదే.

1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ద్వీపాంతరవాస శిక్షకు నెలవైన ఈ వలసకు తొలి అధికారి అతనే. వృత్తికి వైద్యుడు, అనుభవం ఆగ్రా జైలు నడిపినది. మరుసటి ఏడాది మే 17న గ్రేట్ అండమానీయులు ఈ వలస మీద చేసిన దాడికి ‘అబర్డీన్ యుద్ధం’ అని పేరు వచ్చింది, అంటే ఊరి పేరు అప్పటికే కుదురుకుంది. దీవుల అసలు మనుషులు చేప, తాబేలు, అడవి పంది, తేనె, దుంపలతో వేల ఏళ్లు బతికిన చోట, కొత్తగా దిగినవాళ్లకు ఆ తిండి తెలియదు, తెలుసుకునే సావకాశమూ లేదు. వాళ్ల కడుపుకు ఓడే దిక్కు. బియ్యం రంగూన్ నుంచి, పప్పు, పిండి, ఉప్పు కలకత్తా వైపు నుంచి వచ్చేవి. అప్పటి జైళ్ల పద్ధతి ప్రకారం తిండిని రుచితో కాకుండా ఔన్సులతో కొలిచేవారు. గట్టిపని చేసేవాడికి ఒక తూకం, తేలికపని వాడికి ఇంకో తూకం. పళ్లెం నిండా తెల్లటి రంగూన్ అన్నం, పైన నీళ్ల పప్పు, పక్కన ఏదో ఆకుకూర పేరుతో గడ్డీగాదం. రోజంతా అడవి కొట్టి, రాయి మోసి, చిత్తడి పూడ్చే ఒంటికి లెక్కగట్టిన తిండి అది. ఆ లెక్కలో బియ్యం ఇంధనం, ఉప్పు చెమటకు బదులు. ఖైదీకి నలభై ఏళ్లొచ్చాక రక్తనాళాలు ఏమవుతాయన్నది ఆ లెక్కలో లేదు, ఎందుకంటే నలభై దాకా బతకనిచ్చేది ఎవరు? మలేరియా, విరేచనాలు, పుళ్లు, క్షయ అంతకు ముందే పట్టుకుపోయేవి.

జైలులో నూనె కథ ఇంకా దగ్గరగా చూడదగ్గది. సెల్యులర్ జైలు గానుగ నమూనాను నేటికీ సందర్శకులకు చూపిస్తారు. రోకలి నిలిపిన రోలు, దానికి అడ్డంగా పొడవాటి కాడి. ఎద్దును కట్టాల్సిన చోట మనిషిని కట్టేవారు. రోజుకు కొబ్బరి నూనె అయితే 30 పౌండ్లు, ఆవ నూనె అయితే 10 పౌండ్లు తీయాలి. 30 పౌండ్లంటే పదమూడున్నర కిలోలకు పైమాటే. తూకం తగ్గితే దెబ్బలు, సంకెళ్లు. బెంగాల్ విప్లవకారులు, సావర్కర్ సోదరులు ఈ శిక్ష అనుభవించినవారే. మన రంప పితూరీలో పట్టుబడిన మన్యం వారిని కూడా కొందరిని ఈ సముద్రం దాటించారు. 1933లో ఖైదీలు నిరాహార దీక్షకు దిగితే, బలవంతంగా తిండి ఎక్కించడంలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్రా చనిపోయారు. మనిషి తినదగ్గ తిండి పెట్టమన్నది కూడా వాళ్ల కోర్కెల్లో ఒకటి. నూనె చుక్క చుక్కకూ ఇంత చెమట పట్టిన చోట, తీసినవాడి నోటికి చేరింది స్వల్పం. చరిత్ర ఇక్కడ ఎలా తిరగబడిందో చూడండి. నేడు అదే మెరక కింద బజారులో లీటరు నూనె ప్యాకెట్ కొనడానికి ఒళ్లు వంచనక్కర లేదు. సాయంకాలం బాణలిలో అదే నూనె మళ్లీ మళ్లీ కాగి నల్లబడుతుంది. సమోసా, పకోడీ, బజ్జీ అందులోంచే పైకొస్తాయి. నూనెకూ చెమటకూ ఉన్న పాత లంకె తెగిపోయింది.

బజారు ఎలా పుట్టిందన్నది కూడా తెలుసుకోవాలి. కొన్నేళ్లు సత్ప్రవర్తనతో గడిపిన ఖైదీలను జైలు బయట సొంతంగా బతకనిచ్చే పద్ధతి ఉండేది. వాళ్లు భూమి సాగు చేశారు, కొట్లు పెట్టారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. షాదీపూర్ అన్న పేట పేరులో ఆ పెళ్లిళ్ల గుర్తు నేటికీ ఉంది. వాళ్ల పిల్లలే ‘లోకల్ బార్న్’ వారు. స్వాతంత్ర్యం వచ్చాక 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు, ఆ తర్వాత తమిళులు, మలయాళీలు వచ్చారు. రాంచీ కూలీల రాక స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మనవాళ్లు వచ్చారు. కొందరు వేటకు, కొందరు కట్టుబడి పనులకు, కొందరు చిన్న వ్యాపారాలకు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనం 3,80,581. వాళ్లలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 13 శాతం, అంటే 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుది. వాళ్లు మూటలో కట్టుకొచ్చిన అలవాట్లు మనకు తెలిసినవే. వర్షాల్లో వేట లేని రోజులకు ఉప్పులో ఊరబెట్టి ఎండేసిన చేప. గంజికి తోడు ఊరగాయ. చుట్ట. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది. 1971లో శ్రీకాకుళం పల్లెల్లో పది వేల మందికి పైగా నోళ్లు పరీక్షించి రాసిన వ్యాసం అంగిలి పుండ్ల గురించి. పొగాకు అంగిలి దగ్గర ఆగదు, గుండె నాళాల దాకా వెళ్తుందన్న సంగతి అప్పటి పల్లెకు చెప్పినవారు తక్కువ. నేడు దీవుల్లో చుట్ట తగ్గి పాన్, ఖైనీ, సిగరెట్ పెరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడి మగవాళ్లలో సగానికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. రూపం మారినా నికోటిన్ నికోటినే.

ఇక ఆకలి సంగతి. 1942 మార్చి 23న జపాను సేన దీవుల్లో దిగింది. యుద్ధం ముదిరి ఓడలు ఆగిపోయాక 1944, 45లలో జనం కర్రపెండలం, చిలగడదుంపల మీద బతికారు. అవీ చాలక, 1945 ఆగస్టులో తిండి దండగ అనుకున్న వందల మందిని హేవ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి తోసేశారు. ఓడ రాకపోతే ఊరు ఏమవుతుందో అబర్డీన్‌కు తెలిసినంతగా మరో బజారుకు తెలియదేమో. అందుకే స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన ప్రభుత్వం బియ్యం, పంచదార, గోధుమ, నూనెలను రాయితీ ధరకు చేర్చడాన్ని మొదటి ధర్మంగా పెట్టుకుంది. ఆ పనిని తప్పు పట్టలేం, ఆకలి తీరింది. అయితే ఓడలో మూడు రోజులు నిలవ ఉండేవి ఏవి? బియ్యం, పంచదార, నూనె, మైదా, బిస్కెట్, పాలపొడి. నిలవ ఉండనివి ఏవి? ఆకుకూర, పండు, పచ్చి కూరగాయ. తుపాను వాతావరణంలో ఓడ ఆలస్యమైతే ముందు ధర పెరిగేదీ, కొట్లో కనబడకుండా పోయేదీ ఈ రెండో జాబితా. ఆరోగ్యానికి ఏది మంచిదో దాని ధర పైకి, ఏది చెరుపో దాని ధర కిందికి. ఇలా తూచేది మనిషి మనసు కాదు, సముద్రం, గోదాము, రాయితీ.

ఆకలికీ ఆ తర్వాతి కడుపు నిండటానికీ మధ్య గుండె ఏం చెల్లించుకుంటుందో వైద్యం నెమ్మదిగా కనిపెట్టింది. 1986లో వైద్య పరిశోధకుడు డేవిడ్ బార్కర్ ఇంగ్లండ్, వేల్స్ పటాలు రెండు పక్కపక్కన పెట్టి చూశాడు. 1920లలో పసిపిల్లలు ఎక్కువగా చనిపోయిన ప్రాంతాలే, దశాబ్దాల తర్వాత గుండె జబ్బు చావులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు. తల్లి కడుపులో చాలీచాలని తిండితో పెరిగిన శరీరం పొదుపుకు అలవాటు పడుతుందనీ, తర్వాత తిండి దండిగా దొరికితే తట్టుకోలేదనీ అతని వాదం. దీనికి మన గడ్డ మీదే సాక్ష్యం ఉంది. హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో 1987 నుంచి 1990 వరకు కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసివాళ్లకు అంగన్‌వాడీ అదనపు ఆహారం అందింది, తక్కిన ఊళ్లలో ఆ కార్యక్రమం ఇంకా రాలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మళ్లీ పరీక్షించారు. అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు, వాళ్ల రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది, ఇన్సులిన్ మీద ఒళ్లు మొరాయించడం కూడా తక్కువే. ఫలితాలు 2008లో వచ్చాయి. పదిహేనేళ్ల కుర్రాడి ధమనిలో అతని తల్లి గర్భకాలపు పళ్లెం కనబడుతుందన్నమాట. ఇరవై ఏళ్ల వాడి గుండెలో జబ్బు ఉంటుందా అనేవారికి ఇంకో పాత సాక్ష్యం ఉంది. కొరియా యుద్ధంలో చనిపోయిన మూడు వందల మంది అమెరికన్ సైనికుల గుండెలు కోసి చూస్తే, నూటికి 77 మందిలో ధమనుల జబ్బు ఆనవాళ్లు కంటికే కనబడ్డాయి. వాళ్ల సగటు వయసు 22. ఆ వ్యాసం 1953 నాటిది. పోటు నలభైలో రావచ్చు, పునాది మాత్రం ఇరవైలోనే పడుతుంది.

అండమాన్ సముద్రానికి ఆవల సింగపూరులో 1950లలో ఒక వైద్యుడి బృందం తొమ్మిది వేలకు పైగా శవ పరీక్షల నివేదికలు తిరగేసింది. చైనీయుల కన్నా భారతీయుల్లో గుండె ధమనుల జబ్బు ఎన్నో రెట్లు ఎక్కువని 1959లో ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది మన దక్షిణ తీరాల నుంచి కూలికీ వ్యాపారానికీ వెళ్లినవాళ్లే. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం తొలి గుండెపోటు దక్షిణాసియా వారికి సగటున 53 ఏళ్లకూ, తక్కినవారికి సుమారు 59కీ వస్తోందని చూపింది. ఆరేళ్ల ముందు! ఇదంతా వలస పోయినవాళ్లకూ పట్నాల వాళ్లకూ అనుకునేవాళ్లకు గోదావరి జిల్లాలు జవాబిచ్చాయి. తూర్పు, పశ్చిమ గోదావరుల్లోని 45 పల్లెల్లో 2003-04లో ప్రతి చావుకూ కారణం వెతికితే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. వరి పండే పల్లె, ఓడ సరుకు తినే దీవి రెండూ ఒకే చోటికి చేరాయి. గోదావరికి ఆ సరుకు లారీలో వచ్చింది, అబర్డీన్‌కు ఓడలో. తేడా అంతవరకే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ‘సింగపూరులోనూ మనవాళ్లకే వచ్చింది, మిగతావాళ్లకు రాలేదు, కాబట్టి ఇది మన రక్తంలోనే ఉంది, సరఫరాను ఎందుకు తిట్టడం?’ రక్తంలో కొంత ఉన్నమాట నిజం. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు 2009లో గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాల లోపాన్ని గుర్తించారు, అది మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉంది. పుట్టుకతోనే కొలెస్టరాల్ మితిమీరి ఉండే కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో చిన్న వయసులో ఒకరికి గుండెపోటు వస్తే తక్కినవాళ్లంతా పరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ జన్యువులు రెండు తరాల్లో మారవు, జబ్బు మాత్రం పెరిగింది. పైగా దీవుల్లోనే ఎదురు సాక్ష్యం ఉంది. నికోబారీలు మనతో దగ్గరి రక్త సంబంధం లేనివారు. కొబ్బరి, కేతకి పండు, పంది, చేప వాళ్ల పాత తిండి. కార్ నికోబార్‌లో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి బీపీ ఉన్నట్టు తేలింది. 2004 డిసెంబరు 26 సునామీ వాళ్ల తీరపు ఊళ్లనూ కొబ్బరి తోటలనూ తుడిచిపెట్టాక, ఏళ్ల తరబడి సహాయపు బియ్యం, ప్యాకెట్ తిండి మీద బతకాల్సి వచ్చింది. అంతా సునామీ మీదికి నెట్టడం న్యాయం కాదు, పొగాకూ మద్యమూ అంతకు ముందే ఉన్నాయి. అయినా వేరే రక్తం, వేరే వంశం, వేరే పాత తిండి ఉన్నవాళ్లు కూడా ఓడ సరుకుకు అలవాటు పడ్డాక మన దారినే పడ్డారంటే, జన్యువు తుపాకీ అయినా మందుగుండు బయటినుంచి వచ్చిందనక తప్పదు.

రెండో అభ్యంతరం పెద్దల నోట వినిపిస్తుంది. ‘మా తాత ఎండుచేప తిన్నాడు, చుట్ట కాల్చాడు, మూడు పూటలా అన్నమే తిన్నాడు, తొంభై ఏళ్లు బతికాడు.’ తొంభై బతికిన తాతే మనకు కథ చెప్పగలిగాడు, యాభైకే పోయిన తాతలు చెప్పలేకపోయారు. స్వాతంత్ర్యం నాటికి మన సగటు ఆయువు ముప్పై రెండేళ్ల చుట్టుపక్కల ఉండేది, గుండె జబ్బు ముదిరే వయసు దాకా వచ్చినవాళ్లే తక్కువ. అప్పట్లో ‘నిద్రలోనే పోయాడు’ అన్న చావులు ఎన్నో గుండెవే అయి ఉండవచ్చు. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా తాత మాటలో ఒక నిజం మిగులుతుంది. తెడ్డు వేసి, వల లాగి, బుట్ట మోసిన ఒంటికి ఆ అన్నం సరిపోయింది. ఔన్సుల లెక్కతో జైలు అధికారి చూసింది కూడా అదే: ఎంత పని, అంత తిండి. పడవకు మోటారు వచ్చింది, మెట్టకు స్కూటర్ వచ్చింది, కొట్టుకు కౌంటర్ వెనక కుర్చీ వచ్చింది. ఒంటిపని సన్నగిల్లినా అన్నపు గుట్ట తగ్గలేదు. ఇప్పటి కుర్రాడు తాత పళ్లేన్ని వారసత్వంగా తీసుకున్నాడు గానీ తాత తెడ్డును తీసుకోలేదు.

మూడో అభ్యంతరం కొత్తది. కొవిడ్ తర్వాతే కుర్రాళ్లు కుప్పకూలుతున్నారనీ, టీకాయే కారణమనీ చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు 47 ఆసుపత్రుల పరిధిలో, 18 నుంచి 45 ఏళ్ల వారి ఆకస్మిక మరణాలను పరిశీలించింది. టీకా వల్ల ముప్పు పెరిగిన జాడ దొరకలేదు, రెండు మోతాదులు తీసుకున్నవారిలో ముప్పు తగ్గింది. ముప్పు పెంచినవి వేరు: కొవిడ్‌తో ఆసుపత్రి పాలవడం, ఇంట్లో అలాంటి చావు ముందే జరిగి ఉండటం, చనిపోవడానికి రెండు రోజుల ముందు విపరీతంగా తాగడం, మత్తుపదార్థాలు, తీవ్రమైన వ్యాయామం. భయానికి ఒక కొత్త శత్రువు దొరికితే పాత శత్రువులు తప్పించుకుంటారు. టీకా మీద పడ్డ కళ్లు పాన్ బడ్డీ మీద పడటం లేదు.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ‘సరఫరా ఏదైనా కావచ్చు, నోట్లో పెట్టుకునేది మనిషే కదా? చేపలు దొరికే ఊళ్లో బజ్జీ తినమని ఎవరన్నారు?’ మనిషికి బాధ్యత లేదని ఈ వ్యాసం అనడం లేదు. కానీ సరఫరాను మారిస్తే ఏమవుతుందో ఒక దీవి చేసి చూపింది, అది మన తెలుగువాళ్లకు పరాయి దీవి కాదు. 1843లో ‘కోరంగి ప్యాకెట్’ ఓడలో వెళ్లినవారి సంతతి నేటికీ తెలుగు సభలు నడుపుకునే మారిషస్. అక్కడ రాయితీ రేషన్ నూనె అప్పట్లో ప్రధానంగా పామాయిల్. 1987లో జబ్బుల సర్వే చేశాక ప్రభుత్వం దాని స్థానంలో సోయా నూనె తెచ్చింది. అయిదేళ్ల తర్వాత 1992లో మళ్లీ కొలిస్తే, జనం సగటు కొలెస్టరాల్ సుమారు 213 నుంచి 182కు దిగింది. ఆరోగ్య ప్రచారమూ జరిగింది, దానితో పాటు ప్యాకెట్‌లో నూనె మారింది. అక్కడ కూడా ఊబకాయం తగ్గలేదు, పెరిగింది. అంటే నూనె ఒక్కటే మంత్రం కాదు, కానీ రేషన్ కొట్టు పెట్టిన చిక్కును రేషన్ కొట్టే విప్పగలదని రుజువైంది. మన దగ్గర చరిత్ర దీనికి ఎదురు దారిలో నడిచింది. పామోలిన్ చవక సరుకుగా ఇంటింటికీ వచ్చింది. 1970లలో లిటిల్ అండమాన్‌లో అడవి కొట్టి సుమారు 1,600 హెక్టార్లలో పామాయిల్ తోట వేశారు. 2021లో కేంద్రం ప్రకటించిన పామాయిల్ మిషన్ మళ్లీ అండమాన్ పేరు ఎత్తింది. 2022 జనవరి 1 నుంచి వంటనూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించరాదన్న నిబంధన అమలులోకి రావడం మాత్రం మంచి మలుపు. ఆ ఒక్క నిబంధన చేసే మేలు వెయ్యి ఉపన్యాసాల వల్ల జరగదు.

దీవికి ఈ జాగ్రత్త మిగతావాళ్లకన్నా ఎక్కువ అవసరం, ఎందుకంటే గుండెపోటు గంటల లెక్క, దీవి రోజుల లెక్క. మూసుకున్న నాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లో పడితేనే పూర్తి ఫలితం, పన్నెండు గంటలు దాటితే ఫలితం అంతంత మాత్రం. విశాఖ, చెన్నై, కలకత్తా రేవులకు ఓడ ప్రయాణం రెండున్నర, మూడు రోజులు, విమానం అయినా వేళ చూసుకోవాలి, వాన చూసుకోవాలి. చిన్న దీవుల నుంచి రాజధానికి రావడమే ఒక ప్రయాణం. ఇలాంటి చోట చికిత్స మీద భారం వేసి నివారణను వదిలేయడం తెలివి కాదు. జాతీయ కార్యక్రమం కింద బీపీ, షుగరు పరీక్షలు ముప్పై దాటినవాళ్లకు చేస్తున్నారు. కొరియా యుద్ధంలో పోయిన సైనికుల వయసు, హైదరాబాద్ పిల్లల వయసు చూశాక ఆ గీత కిందికి దిగాలనే అనిపిస్తుంది. కాలేజీలో చేరేనాడే ఒకసారి బీపీ చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

వాకర్ దిగినప్పటి నుంచి నేటి దాకా అబర్డీన్ ఏం తినాలో నిర్ణయిస్తున్నది ఓడే. జైలు తూకం, యుద్ధకాలపు కరువు, రాయితీ బియ్యం, చవక నూనె, ప్యాకెట్ చిరుతిండి, ఒక దాని మీద ఒకటి పేరుకుని ముప్పై ఏళ్ల వాడి నాళంలో గారలా గట్టిపడ్డాయి. ఆ గారకు వాడొక్కణ్నే దోషిగా నిలబెట్టడం చరిత్ర తెలియని తీర్పు. కాబట్టి అధికారులకు ఒక విన్నపం: రాయితీని బియ్యం, పంచదారల దగ్గర ఆపకుండా కూరగాయకూ, పప్పుకూ, మంచి నూనెకూ చేర్చండి, స్కూలు గేటు ముందు నుంచి పాన్ బడ్డీ తీయించండి. ఇంట్లో పెద్దలకు ఒక మాట: ఉప్పుచేప, ఊరగాయ రోజూ కాకుండా అప్పుడప్పుడు వడ్డించండి, దీవిలో చవగ్గా దొరికే పచ్చి చేపను వేపుడు మాని పులుసు పెట్టండి. ఇరవై దాటిన పాఠకుడికి చెప్పేది మరీ చిన్నది: ఈ వారం ఒకసారి బీపీ చూపించుకోండి, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెపోటుతో పోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, నోట్లో పొగాకు ఉంటే ఇవాళే ఉమ్మేయండి.